'ట్వంటీ ఫైవ్ ట్వంటీ వన్' ముగింపు మీద నా కోపం ఇంకా చల్లారలేదు: మీరేమంటారు?

1. గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. 2022 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటివారం దాకా కొరియాలోని టీవీఎన్ ఛానల్‌లో శని, ఆదివారాల్లో ప్రసారమై, నెట్‌ఫ్లిక్స్ ద్వారా మన ఇళ్ళలోకి కూడా వచ్చిన ఈ 16 భాగాల ధారావాహికను నేను రెండోసారి చూడడం పూర్తిచేశాను. మొదటిసారి చూసినప్పుడు చివరి రెండు భాగాలకు నాకు వచ్చిన కోపం, ఇప్పుడైతే కథ తెలుసు కనుక తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, మొదటి పది భాగాల మీద ప్రేమ ఇంకాస్త పెరిగి, ఆ ప్రేమకు తగ్గట్టు కోపమూ పెరిగింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1998లో ఆర్థిక సంక్షోభం వల్ల బడిలో ఫెన్సింగ్ (కత్తిసాము) జట్టును మూసేయడంతో నా హీదో అనే అమ్మాయి వేరే బడికి మారుతుంది. అదే సంక్షోభంలో తండ్రి కంపెనీ దివాలా తీసి, కుటుంబం తలోదిక్కూ అయిపోయిన బేక్ యీజిన్ అనే కుర్రవాడు ఇంటింటికీ పేపర్లు వేస్తూ, కామిక్స్ అద్దెకిచ్చే దుకాణంలో పనిచేస్తూ ఉంటాడు. అతడు విసిరిన పేపరు తగిలి హీదో ఇంటి ముంగిట బొమ్మ విరగడంతో వీరి పరిచయం మొదలవుతుంది. ఇదంతా 2021లో హీదో కూతురు మిన్‌ఛే, అమ్మమ్మ ఇంట్లో దొరికిన డైరీలో చదువుతూ ఉండగా మనకు తెలుస్తుంది. ఇరవై ఐదు, ఇరవై ఒకటి అన్నవి వారిద్దరూ విడిపోయేనాటి వయసులు.

విడిపోయారన్నది నా ఫిర్యాదు కాదు. తొలిప్రేమలు నిలవకపోవడం లోకంలో కొత్త కాదు. పద్నాలుగు భాగాల పాటు ఒకరి ఓటమిని మరొకరు మోసిన మనుషులు, రెండు భాగాలలో ఒకరి ఫోను ఒకరు ఎత్తనివారుగా మారిపోవడం నాకు మింగుడుపడలేదు. మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు ముగించుకుని మొన్ననే దీన్ని మొదలుపెట్టింది. దాని చేత చివరిదాకా చూడనివ్వాలా, పదో భాగంలో మిత్రులందరూ సముద్రతీరానికి వెళ్ళే ఆ యాత్ర దగ్గర ఆపించాలా అన్నది నా అసలు సందేహం. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

2. పాత రేడియో:

గోదారిగట్టు గారూ, ఈ కథలోని విషాదం ఎక్కడ మొదలైందో చూడకుండా ముగింపును తూచలేమని నా అభిప్రాయం. కొరియా ప్రభుత్వం 1997 నవంబరు 21న అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) సాయం కోరుతున్నట్టు ప్రకటించింది. కొరియన్లు ఆ కాలాన్ని నేటికీ 'ఐఎంఎఫ్ రోజులు' అనే పిలుచుకుంటారు. 1998 ఆరంభంలో దాదాపు 35 లక్షల మంది వరుసల్లో నిలబడి, పెళ్ళి ఉంగరాలూ బిడ్డల పుట్టినరోజు ఉంగరాలూ తెచ్చి ప్రభుత్వానికి అప్పగించగా, పోగైన బంగారం సుమారు 227 టన్నులు. మన దేశం 1991లో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో కుదువ పెట్టినప్పుడు అది ఖజానాలోని బంగారం. మన ఇళ్ళలో ఎవరి మెడలోంచీ గొలుసు తీయవలసిన అవసరం రాలేదు. ఈ తేడా తెలిస్తే యీజిన్ ముఖంలోని ఆ బిగువు అర్థమవుతుంది.

అప్పులవాళ్ళు వచ్చి చుట్టుముట్టినప్పుడు ఆ కుర్రవాడు డబ్బిస్తానని చెప్పడు, చెప్పలేడు కూడా. మీ బాధ గుర్తుంచుకుని, ఇకపై ఏ క్షణంలోనూ సంతోషంగా ఉండనని మాటిస్తాడు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు తన సంతోషాన్ని వడ్డీగా కడుతున్నాడు. అటువంటి మనిషి జీవితాంతం పనిని ఆశ్రయించి, ఇష్టమైనవారికి దూరమై పోవడంలో నాకైతే ఆశ్చర్యం కనబడలేదు. కొరియా ఆ అప్పును 2001 ఆగస్టులో గడువుకు ముందే తీర్చేసింది. వీరిద్దరి విడిపోవడమూ ఆ దరిదాపుల్లోనే మొదలవుతుంది. రచయిత్రి క్వాన్ దో-ఉన్ దీన్ని కావాలనే కలిపారో, కాకతాళీయమో నేను చెప్పలేను గానీ, నాకు మాత్రం అది తట్టింది.

3. అర్ధరాత్రి ప్రేక్షకురాలు:

పాత రేడియో గారు ఆ ప్రమాణం గురించి ప్రస్తావించారు గనుక, దానికి హీదో ఇచ్చిన జవాబును కూడా చెప్పుకోవాలి. రాత్రిపూట బడి ఆవరణలో చేతులు కడుక్కునే కుళాయిల వరుస ఉంటుంది. ఆ అమ్మాయి కుళాయి మూతిని పైకి తిప్పి నీళ్ళు వదులుతుంది. నీళ్ళు ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతాయి. మొదట ఒకటి, తరువాత రెండు, ఆ పైన వరుసంతా. ఇద్దరూ తడిసి ముద్దవుతారు. అప్పుడంటుంది, మనమిద్దరం కలిసి ఉన్నప్పుడు మాత్రం ఎవరికీ తెలియకుండా సంతోషంగా ఉందామని. గమనించండి, జీవితాంతం తోడుంటానని ఆ పిల్ల అనలేదు. నీ ప్రమాణం తప్పని కూడా అనలేదు. దానిలో ఒక చిన్న సందు వెతికింది, అంతే.

నేను ఆ ఘట్టాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. హీదోగా వేసిన కిమ్ టే-రి అప్పటికి ముప్పై దాటిన నటి. పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఆమె నడకా, నవ్వుతూ ముక్కు చిట్లించడమూ, పరుగెత్తేటప్పుడు సంచీ ఊపుకోవడమూ చూస్తుంటే ఆ వయసు తేడా స్ఫురణకే రాదు. 2022లో ఆమెకు కొరియాలో పేరున్న బేక్‌సాంగ్ ఉత్తమ నటి పురస్కారం ఇచ్చారంటే నాకు వింత అనిపించలేదు. ముగింపు నాకూ నచ్చలేదు. అయినా ఆ కుళాయిల వరుసకు నేను రుణపడి ఉన్నాను. మీ అమ్మాయిని చివరిదాకా చూడనివ్వండి.

4. మొండివాదం:

అందరూ ఇంత మెత్తగా మాట్లాడుతున్నారు గనుక ఒక్కరైనా గట్టిగా అనాలి. ఈ ధారావాహిక ప్రేక్షకుడిని మోసగించింది. డైరీ చదివే కూతురు అనే ఏర్పాటు ఎందుకు పెట్టారు? ఆ పిల్ల తండ్రి ఎవరన్న ప్రశ్నతో మనల్ని 16 భాగాలు కూర్చోబెట్టడానికి. నడుమ ఒకచోట ఆ పిల్ల ఇంటిపేరు కిమ్ అని వినిపిస్తారు. బేక్ కాదు, కిమ్. నిజాయితీ ఉంటే అక్కడే ఆ దారి మూసేసి, వీళ్ళు కలవరు, ఎలా విడిపోయారో చూడండి అని చెప్పవచ్చు. అలా చేయకుండా, ఏమో, దీనికి మరో వివరణ ఉందేమో అన్న ఆశను ఆఖరిదాకా ఆరనివ్వకుండా గాలి ఊదుతూ పోయారు. చివరి భాగానికి కొరియాలో 11.5 శాతం రేటింగ్ వచ్చిందంటే అందులో సగం ఆ ఆశకే దక్కాలని నేనంటాను.

ఇక పెద్దయిన హీదో భర్త ఎవరు, ఏం చేస్తాడు, ఎలా ఉంటాడన్నది ఎక్కడా లేదు. ఒక మనిషి జీవితంలో ఇరవై ఏళ్ళను అలా తెల్లకాగితంగా వదిలేసి, దాన్ని కవిత్వం అనుకోమంటే ఎలా? పైగా చిన్న హీదోకూ పెద్ద హీదోకూ పోలికే లేదు. నటీమణులు వేరైనందుకు నేను తప్పుపట్టడం లేదు. ఆ నడక, ఆ అల్లరి, ఆ మొండితనం ఎక్కడికి పోయాయో చెప్పే బాధ్యత రచనది.

5. కత్తిసాము:

ఈ చర్చలో ఆట గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి, కాలేజీ రోజుల్లో నాలుగేళ్ళు ఫెన్సింగ్ నేర్చుకున్నవాడిగా నాలుగు మాటలు చెబుతాను. హీదో, ఆమెకు ప్రత్యర్థీ తరువాత ప్రాణస్నేహితురాలూ అయిన యూరిమ్ ఆడేది సేబర్, అంటే ఫెన్సింగ్‌లో ఒక రకం. భవానీ దేవి టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి పోటీ గెలిచి, ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయ ఫెన్సర్‌గా నిలిచింది కూడా ఇందులోనే. సేబర్‌లో ఇద్దరి కత్తులూ ఒకేసారి ఎదుటివారికి తగిలితే రెండు వైపులా దీపాలు వెలుగుతాయి. అప్పుడు దాడి మొదట ఎవరు మొదలుపెట్టారో చూసి, పాయింటు ఎవరిదో రెఫరీ నిర్ణయించాలి. యంత్రం చెప్పలేదు, మనిషి చెప్పాలి. ఆసియా క్రీడల ఫైనల్లో వీరిద్దరూ తలపడినప్పుడు జరిగే గొడవంతా ఈ నియమం చుట్టూ అల్లినదే. హీదో గెలుస్తుంది. దేశమంతా ఆమెను దొంగలా చూస్తుంది. అప్పటికి విలేకరి అయిన యీజిన్ ఆ రెఫరీని వెతికి పట్టుకుని మాట్లాడించి ఆమె పతకానికి మచ్చ లేకుండా చేస్తాడు. ప్రేమను ఇంత చక్కగా, ఒక్క పూవు కూడా ఇవ్వకుండా చూపించిన ఘట్టం నేను మరొకటి చూడలేదు.

చరిత్రతో మాత్రం చాలా స్వేచ్ఛ తీసుకున్నారు. ఇందులో చూపించినట్టు క్యోంగ్జులో ఆసియా క్రీడలు ఏనాడూ జరగలేదు. 1998లో బ్యాంకాక్‌లోనూ, 2002లో బుసాన్‌లోనూ జరిగాయి. మహిళల సేబర్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2004లో, ఏథెన్స్‌లో. వీటికి నేను చిన్నబుచ్చుకోలేదు.

ముగింపు విషయానికి వస్తే, నా దృష్టిలో ఈ కథలో అసలైన జంట హీదో, యూరిమ్. తండ్రి చేసిన ప్రమాదానికి పరిహారం కట్టలేక యూరిమ్ రష్యా పౌరసత్వం తీసుకుంటుంది. సొంత దేశంలో దేశద్రోహి అనిపించుకుంటుంది. ఆ తరువాత మాడ్రిడ్ ఫైనల్లో ఇద్దరూ ప్రత్యర్థులుగా తలపడి, ఆట ముగియగానే ముసుగులు తీసి కావలించుకుని ఏడుస్తారు. ఆ కౌగిలితో నాకు కథ పూర్తయింది. మిగిలింది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

6. గోదారిగట్టు:

కత్తిసాము గారూ, రెండు దీపాల సంగతి నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు, ధన్యవాదాలు. మొండివాదం గారూ, మోసం అన్న మాట పెద్దదే గానీ, ఇంటిపేరు విషయంలో నాకూ అదే అసంతృప్తి ఉంది. అయితే యూరిమ్ రష్యాకు మారుతున్న వార్తను మొదట బయటపెట్టింది యీజినే అన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. అతడు తన ఉద్యోగధర్మం కోసం ప్రియురాలి ప్రాణస్నేహితురాలిని వీధిలోకి ఈడ్చాడు. అక్కడే బీటలు వారడం మొదలై ఉంటే నేను ఈ విడిపోవడాన్ని ఒప్పుకునేదాన్నే. హీదో అతణ్ణి అర్థం చేసుకుని ఓదారుస్తుంది. అంత పెద్ద దెబ్బకు విరగనిది, ఫోన్ కాల్స్ తప్పిపోయినందుకు విరిగిందంటే నమ్మడమెలా?

7. ఎడిసన్ వాసి:

చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసే అలవాటు లేదు. గోదారిగట్టు గారి చివరి ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది గనుక రాస్తున్నాను.

నేను 2000లో ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చాను. 2001 సెప్టెంబరు నాటికి నాకు పెళ్ళి కుదిరి ఉంది, అమ్మాయి హనుమకొండలో ఉంది. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలిన రోజు పొగ మా ఊరిదాకా కనబడింది. రెండు వారాల్లో మా ప్రాజెక్టు ఆగిపోయి, నన్ను బెంచీ మీద, అంటే పనిలేకుండా, కూర్చోబెట్టారు. జీతం సగానికి దిగి, తరువాత అదీ ఆగింది. ఆ రోజుల్లో ఇండియాకు మాట్లాడాలంటే ఐదు డాలర్ల ఫోన్ కార్డు కొనుక్కోవాలి. కార్డు వెనక వెండిపూతను నాణెంతో గీకితే పిన్ నంబరు కనబడుతుంది. దాన్ని నొక్కగానే మీకింకా ఇన్ని నిమిషాలున్నాయని ఒక గొంతు చెబుతుంది. ఆ గొంతు చెప్పిన నిమిషాలు ఎప్పుడూ పూర్తిగా దక్కేవి కావు. నేను వారానికొకసారి ఫోన్ చేసి, ఉద్యోగం బాగుందనీ, ఇక్కడ అంతా మామూలుగానే ఉందనీ చెప్పేవాణ్ణి. నిజం చెప్పడానికి నిమిషాలు చాలవు. అబద్ధానికి ఒక నిమిషం చాలు. రానురాను చెప్పడానికి ఏమీ లేక ఫోన్ చేయడం మానేశాను. ఆమె మీద కోపం వచ్చి కాదు. ఆమె గొంతు వింటే నేను ఆడుతున్న అబద్ధం నాకే వినిపించేది.

యీజిన్ న్యూయార్క్ వెళ్ళి శవాల లెక్కలూ, ఆప్తులను వెతుక్కునేవారి కన్నీళ్ళూ రోజూ కెమెరా ముందు చెబుతూ, హీదోకు మాత్రం ఏమీ చెప్పలేకపోవడం చూసినప్పుడు నేను టీవీ ఆపేసి కాసేపు బయట తిరిగి వచ్చాను. వారిద్దరి బంధానికి పునాది ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం. తన కష్టం ఆమెకు బరువవుతుందని అతడు అనుకున్న రోజున ఆ పునాది కదిలింది. యూరిమ్ విషయంలో గాయం ఇద్దరికీ కనబడేది, ఇద్దరూ కలిసి ఏడవగలిగారు. ఇక్కడ గాయం ఒక్కరిదే, అదీ సముద్రానికి అవతల. పెద్ద దెబ్బకు విరగనిది దీనికి విరగడం నాకు నమ్మదగ్గదిగానే తోచింది.

నాకు కుదిరిన అమ్మాయే నా భార్య అయింది, అది వేరే సంగతి. ఆమెకు ఆ ఏడాది గురించి నేటికీ సగమే తెలుసు. అయితే ఒప్పుకోవలసింది ఒకటుంది. ఈ మార్పుకు రచయిత్రి కనీసం నాలుగు భాగాలు ఇచ్చి ఉండవలసింది. నాకు తెలిసిన బాధ కనుక ఖాళీలను నేను పూరించుకున్నాను. తెలియనివారు పూరించుకోలేకపోతే అది వారి లోపం కాదు.

8. చిట్టిడైరీ:

ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని నేనే అనుకుంటాను, నాకు సరిగ్గా ఇరవై ఒకటి. పెద్దలెవరూ ఎత్తని విషయం ఒకటి చెప్పాలి. కథ మొదట్లో హీదోకు పద్దెనిమిది, యీజిన్‌కు ఇరవై రెండు. అదీ కొరియన్ల పాత లెక్క ప్రకారం, అంటే పుట్టగానే ఒక ఏడాది, ప్రతి జనవరి ఒకటికి ఇంకొక ఏడాది. మన లెక్కలో ఇంకా తక్కువే. 2023 జూన్‌లో చట్టం మార్చి ప్రభుత్వ వ్యవహారాల్లో వారూ మనలాగే లెక్కిస్తున్నారు. బడిలో చదివే పిల్లకూ ఉద్యోగం చేసే మనిషికీ ప్రేమ అంటే నాకు కొంత ఇబ్బందిగానే ఉండింది. 2000 సంవత్సరం ప్రవేశించే క్షణంలో, ఆమెకు వారి లెక్కలో ఇరవై నిండాకనే మొదటి ముద్దు పెట్టించారు, అదీ ఆమె చేత. జాగ్రత్త పడ్డారని తెలుస్తోంది. జాగ్రత్త పడవలసి వచ్చిందని కూడా తెలుస్తోంది.

ఈ కథలో నాకు నిజంగా నచ్చిన మనిషి సుంగ్వాన్. తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల. స్నేహితుణ్ణి ఉపాధ్యాయుడు కొట్టినందుకు క్షమాపణ అడుగుతుంది, అది దొరకక బడి మానేస్తుంది. మా కాలేజీలో ఇటువంటివి చూసి తలవంచుకుని కూర్చున్నదాన్ని నేను. ప్రేమ గురించి ఇంత వాదిస్తున్నాం గానీ, ఆ పిల్ల సంచీ సర్దుకుని వెళ్ళిపోయే ఘట్టానికే నేను ఎక్కువ ఏడ్చాను.

9. మొండివాదం:

ఎడిసన్ వాసి గారూ, మీ వ్యాఖ్యను రెండుసార్లు చదివాను. విడిపోవడం అసహజమన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. రచన తొందరపడిందన్న మాటను మాత్రం తీసుకోను, మీరే ఒప్పుకున్నారు కదా. ఇంటిపేరు దాగుడుమూతల మీద నా అభిప్రాయం ఇసుమంతైనా మారలేదు.

10. అర్ధరాత్రి ప్రేక్షకురాలు:

ఎడిసన్ వాసి గారి మాటలు చదివాక నాకు హీదో తల్లి గుర్తుకొచ్చింది. ఆమె టీవీలో వార్తలు చదివే వ్యక్తి. భర్త అంత్యక్రియలకు రాకుండా వార్తల్లో ఉండిపోయిందన్న కోపాన్ని హీదో ఏళ్ళ తరబడి మోస్తుంది. యీజిన్ అదే సంస్థలో అదే వృత్తిలోకి అడుగుపెట్టిన నాడే మనం కీడు శంకించి ఉండవలసింది. వార్త కోసం మనిషి రాకపోవడం ఎలా ఉంటుందో ఆ పిల్లకు చిన్నప్పుడే తెలుసు. తల్లి కోసం ఎదురుచూసినట్టే ఇతడి కోసమూ ఎదురుచూడవలసి వచ్చిన రోజున, ఇక చూడలేనని తెలుసుకుంది. గోదారిగట్టు గారు అడిగిన ప్రశ్నకు జవాబులో ఒక ముక్క ఇదేనేమో: ప్రేమ తగ్గి కాదు, ఆ నిరీక్షణ ఆమెకు రెండోసారి కావడం వల్ల.

అయినా చివర్లో ఒక సొరంగంలో వారిద్దరూ ఒకరినొకరు మాటలతో కోసుకున్నాక, బస్‌స్టాపు దగ్గర మళ్ళీ ఎదురైనప్పుడు, ఊడిపోయిన ఆమె బూటు లేసును అతడు మోకాలి మీద కూర్చుని కడతాడు చూడండి. అప్పటికి బంధం ముగిసిపోయింది. ఆ ముడి మాత్రం అలవాటు కొద్దీ వేశాడు. కౌగిలీ కన్నీళ్ళూ లేకుండా అక్కడితో కథ ఆపేసినా నాకు సరిపోయేది.

11. కత్తిసాము:

ఆపలేదు కదా. ఆ తరువాత అతడు వార్తలు చదివే బల్ల దగ్గర కూర్చుని, ప్రత్యక్ష ప్రసారంలో ఆమెకు పెళ్ళి శుభాకాంక్షలు చెప్పే ఘట్టం ఉంది. ఇద్దరి ముఖాలూ వేరువేరు తెరల మీద, మధ్యలో దేశమంతా ప్రేక్షకులు. నా మటుకు అది లేసు ముడి కంటే కఠినంగా అనిపించింది.

12. గోదారిగట్టు:

ఈ వారం రోజులుగా మీరందరూ రాసినవి చదువుతూ, నా కోపం ఎక్కడుందో మళ్ళీ వెతుక్కున్నాను. ఎడిసన్ వాసి గారి మాట విన్నాక విడిపోవడం మీద కోపం లేదు. నేను క్షమించలేనిది మరొకటి. ఐదుగురు మిత్రులూ కలిసి సముద్రానికి వెళ్ళిన ఆ యాత్ర గురించి కూతురు అడిగితే, పెద్ద హీదో తనకు గుర్తులేదంటుంది. పుచ్చకాయ తిని, అలల్లో పరుగెత్తి, ఈ వేసవి మాది అని చెప్పుకున్న ఆ రోజు! విడిపోయినా భరించగలను గానీ, మరిచిపోవడాన్ని భరించలేకపోయాను. ఈ ధారావాహికకు పేరునిచ్చిన జావురిమ్ బృందం 2013 నాటి పాట కూడా, శాశ్వతం అనుకున్న ఆ రోజుల గురించేనట. అది తెలిసి కూడా నాకు ఊరట కలగలేదు. బహుశా అది నిజం కనుకనే కావచ్చు.

మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. పదో భాగం దగ్గర ఆపిద్దామని నేను పథకం వేసుకుని, పరీక్ష ఫలితాల మాటా, నిద్ర మాటా ఎత్తి రిమోట్ అందుకున్నాను. అది నా వైపు జాలిగా చూసి, "అమ్మా, ఆ పిల్ల ఇంటిపేరు కిమ్ అని విన్నప్పుడే నాకు తెలిసిపోయింది. నువ్వు దేనికి ఇన్నాళ్ళు ఆశపెట్టుకున్నావు?" అని అడిగింది. మొండివాదం గారికి ఈ పిల్లను అప్పగిస్తే బాగుండుననిపించింది. నిన్న రాత్రి పదిహేనో భాగం అయింది. చివరిది తను ఒక్కతే చూస్తానని తలుపు వేసుకుంది. ఒంటిగంట దాటాక ముక్కు చీదుతున్న చప్పుడు వినబడింది. తలుపు తట్టలేదు.